అమ్మకు నలభై ఫ్రెంచి మాటలు

ఏలూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద కూర్చుని మా అమ్మ ఒక్కో వస్తువూ చూపించి "ఆడా, మగా?" అని అడుగుతోంది. పెట్టె ఆడది. బెంచీ మగది. స్టేషను ఆడది. రైలు మగది. పక్కనున్న పెద్దాయన మా వైపు రెండుసార్లు తిరిగి చూసి, మూడోసారి కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

సంగతేమిటంటే, అక్కకి ఫిబ్రవరిలో పురుడు. వాళ్లుండేది లియోఁలో. మన వాళ్లు లయాన్ అంటారు గానీ అక్కడ అలా అంటే ఎవరికీ తెలియదు. నాన్న కైకలూరు వైపు చేపల చెరువులు లీజుకి చేస్తున్నాడు. పట్టుబడి రోజుల్లో ఆయన చెరువుగట్టు వదిలి రాడు. నాకు సెలవు దొరకలేదు. కాబట్టి అమ్మ ఒక్కతే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో మారి, పారిస్‌లో దిగాలి. బావ బయట నిలబడి ఉంటాడు. కానీ ఆ 'బయట' దాకా వెళ్లాల్సింది తనే. అమ్మకి 58 ఏళ్లు. పదో తరగతి చదివింది. ఇంగ్లీషు బోర్డులు చదవగలదు, మాట్లాడలేదు.

మా కంపెనీకి ఒక ఫ్రెంచి క్లయింటు ఉండటం వల్ల నేను సాయంత్రం క్లాసులకి వెళ్లి మొదటి మెట్టు పరీక్ష ప్యాసయ్యాను. ఏ వన్ అంటారు దాన్ని. పేరు, ఊరు, వయసు చెప్పుకుని కాఫీ అడగ్గలిగితే ఆ పరీక్ష ప్యాసైనట్టే. అంత మాత్రం చదువుతోనే గురువునయ్యాను. నవంబరు నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాలు ఏలూరు వచ్చేవాణ్ని. అమ్మకి ఇంట్లో కూర్చుని చదవడం చేతకాదు. ఎలాగూ ప్రయాణానికి ముందు చుట్టాలకి చెప్పి రావాలి, మొక్కులు తీర్చాలి. అందుకని పాఠాలన్నీ దారిలోనే జరిగాయి.

మొదట్లో నాకు నేర్పినట్టే నేర్పాను. అంటే ఇంగ్లీషు వాక్యం, దాని పక్కన ఫ్రెంచి వాక్యం. రెండు వారాలు గడిచినా అమ్మకి 'బోఁజూర్' తప్ప ఏమీ రాలేదు. తప్పు అమ్మది కాదని తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో 'ఐ యామ్ హంగ్రీ' అంటారు, ఫ్రెంచిలో మాత్రం 'జే ఫేఁ', అంటే నాకు ఆకలి ఉంది అనాలి, ఇది మినహాయింపు, గుర్తుపెట్టుకోండి అని మా పుస్తకం పెట్టె కట్టి మరీ చెప్పింది. అమ్మ అడిగింది, "ఇందులో గుర్తుపెట్టుకోవడానికేముందిరా? నాకు ఆకలి అనే కదా మనమూ అంటాం?"

నిజమే. ఆకలి, దాహం, చలి, నొప్పి, చివరికి వయసు కూడా తెలుగువాడికి ఉండేవే. 'నేను 58 ఏళ్లు' అని మనం అనం. 'నాకు 58 ఏళ్లు' అంటాం. ఫ్రెంచి వాడూ 'ఉండు' అనే క్రియనే వాడతాడు. జే స్వాఫ్, దాహంగా ఉంది. జే ఫ్ర్వా, చలేస్తోంది. జే మాల్ ఓ జను, మోకాలు నొప్పి. ఈ చివరిది అమ్మ ఒక్కసారి వినగానే పట్టేసింది, అవసరం అలాంటిది మరి. ఆ రోజు నుంచి ఇంగ్లీషుని మధ్యలోంచి తీసేశాను. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లడానికి హైదరాబాద్ మీదుగా ఎందుకు?

పలుకుబడిలో కూడా తెలుగు చాలా పనిచేసింది. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే చివర 'న్' గట్టిగా వచ్చి చెడుతుంది. మన పాత పుస్తకాల్లో అరసున్న ఉండేది కదా, అమ్మకి బళ్లో నేర్పారు, నేనైతే సెలవు చీటీలో కూడా వాడింది లేదు. దాన్ని బయటికి తీశాం. బోఁ అంటే మంచిది, పేఁ అంటే రొట్టె, త్రేఁ అంటే రైలు. అమ్మ నోట్‌బుక్కులో ఆ అరసున్నలు వరసగా కనిపిస్తుంటే ముచ్చటేసింది. 'ర' మాత్రం పుక్కిలించినట్టు గొంతులోంచి రావాలి. అది మా ఇద్దరికీ సరిగ్గా రాలేదు, ఇప్పటికీ రాదు.

సంధులు కూడా అంతే. ల, అవియోఁ కలిస్తే 'లవియోఁ', విమానం. ముందు మాట చివరి అచ్చు పోయి రెండూ అతుక్కుంటాయి. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే. బళ్లో సంధులంటే ఏడ్చిన నేను, క్లాసులో మాస్టారు ఇది చెబుతుంటే లోలోపల నవ్వుకున్నాను.

కైకలూరు రోడ్డు మీదుగా కొల్లేటికోట వెళ్లింది డిసెంబరులో. ఏలూరు దాటి కొంత దూరం వెళ్లాక రెండు వైపులా నీళ్లే. అందులో ఏది సరస్సో ఏది చెరువో కొత్తవాళ్లకి తెలియదు. మాకూ కొన్ని చోట్ల అనుమానమే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న పల్లం ఇది. తమ్మిలేరు, బుడమేరు లాంటివి తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడ చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో దీన్ని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు మా అమ్మ పుట్టింటి వాళ్లవి కూడా పోయాయి. ఆ గట్లు తెగిన రోజు సంగతి అమ్మ ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. ఎడ్లగాడి వంతెన దగ్గర కారు నెమ్మదించగానే అద్దం దించి నీళ్ల వైపు చూసి, "సరస్సుని ఏమంటార్రా?" అంది.

"లాక్. మగది."

"చేపని?"

"ప్వాసోఁ. అదీ మగదే. కానీ జాగ్రత్త. సకారం గట్టిగా పలకాలి. ప్వాజోఁ అంటే విషం."

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒక్క అక్షరమే తేడానా?" అంది. రాతలో కూడా ఒక్క 'ఎస్' తేడానే. కొల్లేటి మనిషికి ఇంతకంటే గుర్తుండే వ్యాకరణం ఏముంటుంది!

ఆటపాకలో పక్షుల చెరువు దగ్గర ఆగాం. అటవీ శాఖ వాళ్లు నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. ఫ్రెంచిలోనూ పెలికాఁ అనే అంటారు. పక్షి అంటే వాజో, పక్షులు అంటే లే వాజో. కానీ రెండు మాటలూ కలిపి 'లేజ్వాజో' అనాలి. మామూలుగా పలకని అక్షరం, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే నిద్ర లేచి కూర్చుంటుంది. పడవవాడు మేం ఏదో కొత్త మంత్రం చదువుతున్నామనుకున్నాడు. లేజ్వాజో, లేజ్వాజో అని అమ్మ అంటుంటే అతనూ అందుకున్నాడు. అతనికే బాగా వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. తన పుట్టింటి మాటలు అమ్మ ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. కొరమీను, మట్టగిడస, గుర్రపుడెక్క, తాటిదోనె. మా పుస్తకంలో హోటల్ గది, సినిమా టికెట్టు, మ్యూజియం, ఐదు రకాల జున్ను ఉన్నాయి. తాటిదోనె లేదు. పడవ మాత్రం ఉంది, బతో. "అయితే మన ఊరి గురించి అడిగితే ఏం చెప్పాలి?" అంది. ఉన్న మాటలతోనే ఒక వాక్యం కట్టాం. మోఁ విలాజ్ ఎ ప్రే ద్యాఁ గ్రాఁ లాక్, మా ఊరు ఒక పెద్ద సరస్సు దగ్గర. ప్రయాణానికి ఇది అవసరం లేదు, పాస్‌పోర్టు దగ్గర ఎవరూ అడగరు. అయినా అమ్మ నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసుకున్నది ఇదే.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుళ్లో అమ్మ చాలాసేపు నిలబడింది. ఫాల్గుణంలో జాతరకి జనం విరగబడతారు గానీ ఆ రోజు పెద్దగా లేరు. బయటికొచ్చాక మీరు, నువ్వు పాఠం చెప్పాను. వు అంటే మీరు. తు అంటే నువ్వు. 'తు'ని పెదాలు సున్నాలా చుట్టి 'తి' అన్నట్టు పలకాలి. అధికారులతో, షాపువాళ్లతో, తెలియని వాళ్లతో ఎప్పుడూ వు. పిల్లలతో, సొంతవాళ్లతో తు. "దేవుణ్నో?" అంది. "వాళ్లూ నువ్వనే అంటారు." "అల్లుడు గారిని?" దానికి నేను ఆలోచించాను. అక్కడి అత్తగార్లు చాలామంది అల్లుణ్ని తు అనే అంటారట. అమ్మ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపింది. మా ఇంట్లో మాత్రం వు అని తేలింది.

నిజానికి గోదావరి జిల్లాల వాళ్లకి ఈ మర్యాద పాఠం అక్కర్లేదు. ప్రతి మాటకీ 'అండీ' తగిలించే నోటికి 'సిల్ వు ప్లే' కష్టమా? కాఫీ అడిగేటప్పుడు 'జ వుద్రే అఁ కఫే, సిల్ వు ప్లే' అనాలి. జ వు అంటే కావాలి అని మొహం మీద అనడం. జ వుద్రే అంటే 'కావాలండీ'. షాపులోకి వెళ్లగానే పని చెప్పే ముందు బోఁజూర్ అనకపోతే ఫ్రెంచి వాళ్లు నొచ్చుకుంటారు. మన ఊళ్లో కూడా "ఏమండీ, బావున్నారా" అనకుండా నేరుగా బెండకాయలు కిలో ఎంత అంటే ఎలా ఉంటుంది?

కాదు, లేదు చెప్పడం దగ్గర మాత్రం తడబడింది. మనకి 'లేదు' చివర్లో వస్తుంది. వాళ్లు క్రియకి అటు 'న' ఇటు 'పా' పెడతారు. జ న కోఁప్రాఁ పా, నాకు అర్థం కాలేదు. అమ్మకి చేపల ప్యాకింగ్ గుర్తు చేశాను. కింద ఐసు, పైన ఐసు, మధ్యలో చేప. అప్పట్నుంచి ఎక్కడ వాక్యం తప్పినా "పైన ఐసు మర్చిపోయాను" అనేది. ఇంకో తప్పు, 'జ' వదిలేయడం. 'వస్తాను' అంటే ఎవరో తెలుగులో క్రియే చెబుతుంది, నేను అనక్కర్లేదు. ఫ్రెంచిలో రాతకి తేడా ఉన్నా చాలా క్రియలు నేను, నువ్వు, వాడు అందరికీ ఒకేలా వినిపిస్తాయి. అందుకే 'జ' తప్పనిసరి.

ఇక తాడేపల్లిగూడెం. ఏలూరు నుంచి భీమడోలు, పూళ్ల, చేబ్రోలు దాటుకుంటూ వెళ్తుంటే బండిలో ఒకాయన మా పాఠాలు విని, "యానాం వెళ్లండి, అక్కడ నేర్పుతారు" అన్నాడు. నిజమే, యానాంలో 1954 దాకా వాళ్ల పాలనే, చట్టప్రకారం భారత్‌లో కలిసింది 1962లో. అమ్మకి తెలియనిది ఏమిటంటే ఏలూరు కూడా ఆరేళ్లు వాళ్ల కిందే ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ సర్కార్లను బుస్సీకి అప్పగించాడు. బొబ్బిలి యుద్ధంలో విజయరామరాజు వెనకున్నది ఆ బుస్సీయే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో బందరులో ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఓడాక ఈ సర్కార్ల మీద వాళ్ల పట్టు పోయింది. బందరులో పరాసుపేట అనే పేరు మాత్రం మిగిలింది. ఫరాసులంటే ఫ్రెంచి వాళ్లే.

"ఆరేళ్లుండి ఒక్క మాటైనా వదిలి వెళ్లలేదా?" అంది అమ్మ. వదిలారో లేదో గానీ, ఇంగ్లీషు చాటున వచ్చినవి బోలెడు. హోటల్, గ్యారేజీ, మెనూ, పాస్‌పోర్ట్, వీసా, బ్యాగేజీ. అన్నీ ఆ ఇంటివే. అమ్మ నేర్చుకోవాల్సిన నలభై మాటల్లో డజను అప్పుడే తగ్గిపోయాయి.

గూడెంలో పిన్ని వాళ్లిల్లు. సాయంత్రం బాబాయి మమ్మల్ని రన్‌వే దగ్గరికి తీసుకెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు వేసింది. విమానాలు రావు గానీ జనం నడకకి వస్తారు, కుర్రాళ్లు కారు నేర్చుకుంటారు. ఎప్పటికప్పుడు ఇక్కడ ఎయిర్‌పోర్టు వస్తుందని పేపర్లో పడుతూనే ఉంటుంది. అంతకంటే మంచి తరగతి గది దొరకదు కదా. రన్‌వే అంటే పీస్త్. గేటు అంటే పోర్త్. బయటికి దారి అంటే సోర్తీ. ఈ ఒక్క మాట వస్తే సగం పని అయినట్టే, ఊ ఎ లా సోర్తీ?

బాబాయి పాస్‌పోర్టు ఆఫీసరయ్యాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "పూర్క్వా?" అన్నాడు, ఎందుకొచ్చావని. అమ్మ గడగడా చెప్పింది. "మా ఫీయ్ అబిత్ ఆ లియోఁ." మా అమ్మాయి లియోఁలో ఉంటుంది. ఇన్ని రోజులు ఉంటాను అని 90 చెప్పాల్సి వచ్చింది. ఫ్రెంచిలో 90 అంటే కాత్ర్ వేఁ దీస్, నాలుగు ఇరవైలూ పదీ. 97 అయితే నాలుగు ఇరవైలూ పదిహేడూ. అమ్మ వేళ్లు లెక్కపెట్టి విసుగొచ్చి, ఫోనులో అంకె కొట్టి బాబాయికి చూపించింది. అది నేను నేర్పలేదు, కానీ అంతకంటే మంచి పద్ధతి లేదు. కాగితాలన్నీ ఒకే కవర్లో వరసగా పెట్టాం. తిరుగు టికెట్టు, 30 వేల యూరోలకి తగ్గని వైద్య బీమా, బావ వాళ్ల ఊరి మునిసిపాలిటీలో తీసుకుని పంపిన ఆతిథ్య పత్రం. అతెస్తాసియోఁ దాకెయ్ అంటారు. పలకడం రాకపోయినా చూపిస్తే చాలు.

వెనక్కి నడుస్తుంటే అమ్మ నన్ను ఆపి, మెల్లగా చెప్పింది. "దారి తప్పుతానని కాదురా నా భయం. ఆసుపత్రిలో దానికేమన్నా అయితే, నర్సు వచ్చి నాకు చెబితే, నేను బోఁజూర్ అంటూ నిలబడతానా?"

నా దగ్గర జవాబు లేదు. నా నలభై మాటల్లో హోటల్ బిల్లు ఉంది, పురుడు లేదు. ఆ రాత్రి పిన్ని వాళ్ల డాబా మీద కూర్చుని జాబితా మొత్తం మార్చేశాం. మ్యూజియం తీసేశాను, జున్నులు తీసేశాను. అకూష్మాఁ, పురుడు. మా ఫీయ్ ఆ మాల్, మా అమ్మాయికి నొప్పిగా ఉంది. సాఁ, రక్తం. వీత్, త్వరగా. అంబులెన్సుకి 15, లేదంటే 112. నెమ్మదిగా చెప్పండి, ప్లు లాఁత్‌మాఁ. ఇంకొకటి సాజ్ ఫామ్, మంత్రసాని. సాజ్ అంటే తెలివిగల, ఫామ్ అంటే స్త్రీ. అక్కడ మామూలు పురుళ్లు చాలావరకు వాళ్ల చేతుల మీదే జరుగుతాయి, దానికి పెద్ద చదువే ఉంటుంది. "తెలివైన ఆడమనిషి," అని అమ్మ రెండుసార్లు అనుకుంది. తన పురుళ్లు పోసిన మంత్రసాని పేరు చెప్పింది. అప్పటికి గాని కాస్త కుదుటపడలేదు.

నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. ఆ మర్నాడే అక్క, వాళ్ల సాజ్ ఫామ్ పంపిన మెసేజ్ మాకు పంపింది. 'ఇల్ బూజ్ బియేఁ.' బాగా కదులుతోంది అని. అక్క తెలుగులో ఎప్పుడూ 'కదులుతోంది' అనేది. మన భాషలో ఆడపిల్లకీ, గేదెకీ, రైలుకీ అన్నిటికీ 'ఓంది'యే కాబట్టి రహస్యం బయటపడేది కాదు. కానీ ఇల్ అంటే అతడు! నేను నా ఏ వన్ పాండిత్యంతో, "అబ్బాయే" అని ప్రకటించాను. అమ్మ పిన్నికి చెప్పింది, పిన్ని గూడెం అంతా చెప్పింది. రాత్రి అక్క ఫోన్లో పడీపడీ నవ్వింది. బెబె అనే మాట మగది. లోపల ఎవరున్నా బెబె అన్నాక 'ఇల్' అనే అనాలి. "రైలు మగది అన్నావు కదా, దానికి మీసాలున్నాయా?" అని అమ్మ నన్ను అడిగింది. తర్వాత మాటలు రెండూ నేర్చుకుంది. పెతి ఫీస్, మనవడు. పెతీత్ ఫీయ్, మనవరాలు.

తిరుగు బండికి ముందు గూడెం ఉల్లిపాయల మార్కెట్ పక్కనుంచి వచ్చాం. కర్నూలు నుంచి వచ్చిన బస్తాలు లారీల్లోంచి దిగుతున్నాయి, ఆ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. "ఇది ఆడా, మగా?" అంది అమ్మ. ఒన్యోఁ అని తెలుసు. కానీ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు 'ల' వచ్చినా 'లా' వచ్చినా లొన్యోఁ అయిపోతుంది. సంధి లింగాన్ని మింగేస్తుంది. నాకు తెలియదని ఒప్పుకున్నాను.

సంక్రాంతి వెళ్లిన వారానికి అమ్మ విమానం ఎక్కింది. ఆ రోజు ఆఫీసులో నేను ఏ పనీ చేయలేదు. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, బావ ఫోన్ నుంచి, ఇద్దరూ నవ్వుతున్న ఫొటో. పాస్‌పోర్టు దగ్గర అబ్బాయి బోఁజూర్ అన్నందుకే నవ్వి, కవరు చూసి, ముద్ర వేసి పంపేశాడట. నేర్పిన వాక్యాలేవీ అవసరం పడలేదు. "పూర్క్వా అని అడుగుతాడేమోనని ఎదురు చూశానురా, అడగలేదు" అంది కాస్త నిరాశగా.

ఫిబ్రవరిలో పెతీత్ ఫీయ్ పుట్టింది. పురిటి గదిలో సాజ్ ఫామ్ అమ్మకి ఏదో చెబితే ప్లు లాఁత్‌మాఁ అందట, ఆవిడ నిజంగానే నెమ్మదిగా మళ్లీ చెప్పిందట. ఎంత అర్థమైందని అడిగితే, "బెబె, బియేఁ, ఈ రెండూ" అంది.

మొన్న ఆదివారం పొద్దున్నే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల సంత గోల, పిల్ల ఏడుపు, మధ్యలో అమ్మ గొంతు. "ఒరేయ్, ఇక్కడ అట్టముక్క మీద రాసి ఉంటే అక్కని అడిగాను. అఁ నొన్యోఁ అట. ఉల్లిపాయ మగదేరా. పిన్నికి చెప్పు."